2024-25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సమర్పించినది

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

మన ఫుట్‌బాల్ క్లబ్ ఎందుకు పెట్టుకున్నామో ఇక్కడ కూర్చున్న వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అందుకే నేరుగా కృతజ్ఞతలతో మొదలుపెడుతున్నాను. పోయినసారి చివరికి పెట్టుకుంటే టైమ్ చాలక కొన్ని పేర్లు వదిలేశాను, ఆ తర్వాత చాలా బాధపడ్డాను.

ప్రతి ఆదివారం అడక్కుండానే రెండు వాటర్ క్యాన్లు పంపిన కిరాణా కొట్టు అన్నకి, 22 జెర్సీలకి నంబర్లు కుట్టి పైసా తీసుకోని టైలర్ గారికి, విరిగిన గోల్‌పోస్టుని రాత్రికి రాత్రి వెల్డింగ్ చేసిన తమ్ముడికి, వానాకాలంలో తమ ఆవరణ వాడుకోనిచ్చిన స్కూలు యాజమాన్యానికి క్లబ్ తరఫున ధన్యవాదాలు. ప్రాక్టీస్ అయ్యాక పిల్లలకి ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్లు పంచిన అమ్మలకి ప్రత్యేకంగా దండం పెడుతున్నాను. మన రిఫరీ హవల్దార్ సాబ్ మోకాలి నొప్పితోనే ఏడాదంతా విజిల్ ఊదారు. ఆటో చార్జీలు ఇస్తామన్నా తీసుకోలేదు.

ఈ ఏడాది 19 మ్యాచ్‌లు ఆడాం. 8 గెలిచాం, 4 డ్రా, 7 ఓడాం. అన్నీ ఫ్రెండ్లీలు, పక్క బస్తీల వాళ్లు పిలిచిన చిన్న టోర్నమెంట్లే. లీగ్ మ్యాచ్ ఒక్కటీ లేదు. దాని గురించి తర్వాత చెబుతాను.

ఇప్పుడు ఫిబ్రవరి 16 గురించి. భారత ఫుట్‌బాల్ జట్టుకి ఆడిన తులసీదాస్ బలరాం గారు పోయి ఆ రోజుకి సరిగ్గా రెండేళ్లు. ఆయన పుట్టి పెరిగింది మన సికింద్రాబాద్ అమ్ముగూడలోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఉన్నారు. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. ఆయన్ని తయారు చేసిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. సిటీకి ప్రాక్టీస్‌కి రావడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేకపోతే అద్దె సైకిల్‌కి రహీమ్ సాబే ఇచ్చేవారని మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. అదే రహీమ్ సాబ్ నేర్పిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే పెద్ద టోర్నమెంట్ రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు తెచ్చింది. ఇవన్నీ మన పిల్లల్లో సగం మందికి తెలియవు. అది వాళ్ల తప్పు కాదు, మనం చెప్పలేదు.

ఫొటోకి దండ వేసి వెళ్లిపోకుండా ఆ రోజు మ్యాచ్ పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. రహీమ్ సాబ్ అప్పట్లో బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవారు. మనమూ అదే పెట్టాం. ఎవరికి ఏ కాలు బలమో ఆ కాలికి ఎర్ర గుడ్డ కట్టాం (ఒక సభ్యురాలు పాత చీర అంచు చింపి ఇచ్చారు). ఎర్ర గుడ్డ కాలు బంతికి తగిలితే అవతలి జట్టుకి ఫ్రీకిక్.

మొదటి పది నిమిషాలు చూడలేకపోయాం. పాస్ ఇవ్వబోతే బంతి పక్కకి పోతోంది, తన్నబోయి కుర్రాళ్లు చతికిలపడుతున్నారు, హవల్దార్ సాబ్ విజిల్ ఆగడం లేదు. ఆ తర్వాత మెల్లిగా మారింది. తొందరపడి తన్నడం మానేశారు. తల ఎత్తి ఎవరు ఎక్కడున్నారో చూసి, బంతి ఆపి, అప్పుడు ఇవ్వడం మొదలుపెట్టారు. సెకండాఫ్‌లో కార్నర్ నుంచి వచ్చిన బంతిని పన్నెండేళ్ల అమ్మాయి ఎడమ కాలి లోపలి అంచుతో లోపలికి తోసింది. గోల్ అయ్యాక కూడా అది తన కాలేనా అన్నట్టు కిందికి చూసుకుంటూ నిలబడింది. గట్టు మీద కూర్చున్న డెబ్బై ఏళ్లు దాటిన పాత ప్లేయర్లు ముగ్గురు లేచి చప్పట్లు కొట్టారు. పదకొండేళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను, మన గ్రౌండ్‌లో ఇంత మంచి పొద్దు నేను చూడలేదు.

డిసెంబర్ 31న గచ్చిబౌలిలో జరిగిన, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కి రెండు వ్యాన్లలో 26 మంది పిల్లల్ని తీసుకెళ్లాం. బెంగాల్, కేరళ. తొంభై నిమిషాలు గోల్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్ ఖాయమనుకుని ఇద్దరు పిల్లలు నీళ్ల కోసం లేచారు, అప్పుడే ఇంజురీ టైమ్‌లో బెంగాల్ ఆటగాడు రోబి హంస్దా గోల్ కొట్టేశాడు. వాళ్లిద్దరూ దారంతా ఏడ్చారు. కొత్త సంవత్సరం రాత్రి, ఫ్లైఓవర్లు మూసేశారు, ఇళ్ల దగ్గర తల్లిదండ్రులకి ఒకటే టెన్షన్. అందర్నీ క్షేమంగా దింపిన ఇద్దరు డ్రైవర్లకి మరోసారి కృతజ్ఞతలు.

ఇక బాధ పెట్టిన సంగతులు. గ్రౌండ్ అనుమతి కోసం సంబంధిత ఆఫీసుకి ఈ ఏడాది తొమ్మిదిసార్లు తిరిగాను. సార్ మీటింగ్‌లో ఉన్నారు, ఫైల్ పైకి పోయింది, రేపు రండి, ఇవే జవాబులు. శనివారం సాయంత్రం మనం సున్నంతో గీతలు గీస్తే, రాత్రి ఎవరిదో పెళ్లికి కార్లు పెట్టించారు. పొద్దున చూస్తే పెనాల్టీ బాక్స్ మొత్తం టైర్ల గుర్తులే. లీగ్‌లో చేరడానికి ఇచ్చిన దరఖాస్తు కూడా అలాగే ఉంది. అడిగిన ప్రతి కాగితం ఇచ్చాం, పిల్లల వయసు పత్రాలు రెండుసార్లు ఇచ్చాం. రాతపూర్వకంగా జవాబు ఇంతవరకు రాలేదు.

బయటివాళ్లని అనేముందు మన సంగతి కూడా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో 140 మందిమి ఉన్నాం. మ్యాచ్ రోజు పొద్దున ఆరింటికి నెట్లు కట్టడానికి వచ్చేది నలుగురం, ఎప్పుడూ ఆ నలుగురమే. ఫిబ్రవరి 16కి వస్తామని పేరిచ్చిన 18 మందిలో వచ్చింది ఐదుగురు. ఎవరి ఇబ్బందులు వాళ్లకుంటాయని నాకు తెలుసు. కానీ రానప్పుడు ముందు రోజు ఒక్క ఫోన్ చేస్తే చాలు. రహీమ్ సాబ్ కూడా ఏళ్ల తరబడి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా పనిచేసినవారే. కోచింగ్‌తో పాటు ఆ కాగితాల పని కూడా చేశారని గుర్తొచ్చినప్పుడల్లా నాకు కాస్త ధైర్యం వస్తుంది.

జమాఖర్చుల పత్రం మీ చేతుల్లో ఉంది. ఆడిట్ అయింది. వ్యాన్ల కిరాయి, బంతుల ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైంది, నిల్వ తక్కువే. చందా బకాయిలు ఈ నెలాఖరులోగా కట్టాలని కోశాధికారి గారు చెప్పమన్నారు. ప్రశ్నలుంటే ఆయన్ని అడగండి.

వచ్చే సీజన్‌కి కింది డివిజన్‌లోనైనా లీగ్‌లో ఆడాలి. కొలిచి గీసిన గీతలు, చిరుగుల్లేని నెట్లు, ఇద్దరు లైన్స్‌మెన్, మన పిల్లల పేర్లు రాసిన టీమ్ షీట్. అలాంటి మ్యాచ్ రోజు మన గ్రౌండ్‌లో చూడాలని నా కోరిక. ఎడమ కాలితో గోల్ కొట్టిన ఆ అమ్మాయి, అమ్మాయిలకి కూడా టీమ్ పెడతారా అని అడిగింది. పెడతామని చెప్పాను. కార్యవర్గాన్ని అడగకుండా మాటిచ్చినందుకు మన్నించి, ఈ సమావేశంలోనే దాన్ని ఆమోదించాలని కోరుతున్నాను. ఇప్పటికే ఏడుగురు పేర్లిచ్చారు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి గీతలు గీయాలి. సున్నం బస్తా మా ఇంట్లో ఉంది. స్కూటర్ మీద తేవడానికి ఒకరు, తాడు పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. పేర్లు ఇప్పుడే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి