సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్న వార్షిక నివేదిక (2024–25)

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సొంత కార్లున్న సభ్యులకు, ట్యాక్సీలు నడుపుకునే సోదరులకు నమస్కారాలు.

గడచిన సంవత్సరం మన సంఘం చేసిన పనులను సభ ముందు ఉంచడం కార్యదర్శిగా నా విధి. రథసప్తమినాడు అరసవల్లి దారిలో మజ్జిగ పంపిణీ, డ్రైవర్లకు కంటి పరీక్షలు, కొత్త సభ్యులకు గుర్తింపు కార్డులు ఎప్పటిలాగే జరిగాయి. సాయపడిన వారందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అయితే ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగినది, కారు బ్లోయర్ మోటారును, అంటే ఏసీ గాలిని లోపలికి తోసే ఫ్యాను మోటారును, ఇంటి దగ్గరే మార్చుకోవడం సభ్యులకు నేర్పిన శిబిరం. ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఎండలు ముదిరేసరికి ఏసీ పనిచేయడం లేదంటూ సభ్యులు సంఘానికి ఫోన్లు చేయడం ఏటా ఉన్నదే. వారిలో చాలామంది అప్పటికే డబ్బు పోసి గ్యాస్ నింపించుకున్నవారు. తీరా చూస్తే గ్యాస్ సరిపడా ఉంటుంది, కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది, గాలిని తోసే ఫ్యాన్ మాత్రం కదలదు. కారులో ఏసీకి ఒక ఫ్యాను, హీటరుకు మరో ఫ్యాను ఉండవు. ఒకే బ్లోయర్ తోసిన గాలి కూలింగ్ కాయిల్ మీదుగా వస్తే చల్లగానూ, ఇంజను కూలెంటు పారే హీటర్ కోర్ మీదుగా వస్తే వెచ్చగానూ ఉంటుంది. అది ఆగితే రెండూ ఆగుతాయి. మన జిల్లాలో హీటరుతో పనేమిటని అనేవారు కూడా, వానాకాలం రాత్రి 16వ నంబరు జాతీయ రహదారి మీద ముందు అద్దం ఆవిరి పట్టి దారి కనపడనప్పుడు గానీ, చలికాలం తెల్లవారుజామున సాలూరు ఘాటు ఎక్కుతున్నప్పుడు గానీ దాని విలువ తెలుసుకుంటారు.

శిబిరానికి తన రేకుల షెడ్డును అద్దె లేకుండా ఇచ్చిన సభ్యునికి, తన జీవితమంతా కార్ల వైరింగు పనిలో గడిపి ఇప్పుడు ఓపికగా మనకు నేర్పిన మాస్టారికి సంఘం ఎంతో రుణపడి ఉంది. మాస్టారు మొదట స్క్రూడ్రైవరు ముట్టుకోనివ్వలేదు. జబ్బు తెలియకుండా మందు వేయకూడదని, లోపం ఎక్కడుందో పట్టుకోవడమే ముందుగా నేర్పారు. ఫ్యాన్ చివరి స్పీడులో మాత్రమే తిరిగి మిగతా స్పీడులలో తిరగకపోతే మోటారు బాగానే ఉన్నట్టు, పోయింది రెసిస్టరు, అంటే ఫ్యాను వేగాన్ని తగ్గించే భాగం. ఎందుకంటే చివరి స్పీడులో కరెంటు రెసిస్టరు గుండా పోకుండా నేరుగా మోటారుకు వెళ్తుంది. ఏ స్పీడులోనూ తిరగకపోతే ముందు ఫ్యూజు, రిలే (మోటారుకు కరెంటును కలిపే విద్యుత్ స్విచ్చు) చూడాలి. అవి బాగుంటే మోటారు కనెక్టరు ఊడదీసి, స్విచ్చు చివరి స్పీడులో ఉంచి, కనెక్టరు రెండు పిన్నులకూ టెస్ట్ ల్యాంపు (కరెంటు ఉంటే వెలిగే చిన్న దీపం) పెట్టాలి. దీపం కాంతిగా వెలిగితే సప్లై వస్తున్నట్టే, చెడింది మోటారే. మోటారు మీద మెల్లగా తడితే తిరగడం మొదలై మళ్లీ ఆగిపోతుంటే మోటారు లోపల కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయాయని అర్థం. కీచుమనే చప్పుడు ఇరుసును పట్టి ఉంచే బుష్ ఎండిపోవడం వల్ల, టపటపమనే చప్పుడు చాలాసార్లు లోపల చిక్కుకున్న ఆకు వల్ల వస్తుంది. గాలి మరీ తక్కువగా వస్తుంటే, మోటారును తప్పుపట్టే ముందు క్యాబిన్ ఫిల్టరు (కారు లోపలికి వచ్చే గాలిలోని దుమ్ము ఆపే జల్లెడ) తీసి వెలుతురుకు పట్టి చూడాలి.

మార్చే పని నిజానికి అంత కష్టం కాదు. ముందుగా బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి, కొన్ని నిమిషాలు ఆగాలి. మనం పని చేసే డ్యాష్‌బోర్డులోనే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త తప్పనిసరి, దానికి సంబంధించిన పసుపు రంగు కనెక్టర్లను ఎవరూ తాకకూడదు. మన కార్లలో చాలావాటికి బ్లోయర్ ఎడమ వైపు, గ్లవ్ బాక్స్ వెనుకో కిందో ఉంటుంది. గ్లవ్ బాక్స్ రెండు పక్కలనూ లోపలికి నొక్కి కిందికి దించితే లోపలి భాగం కనిపిస్తుంది. కనెక్టరు తాళం నొక్కి లాగి, సాధారణంగా మూడు స్క్రూలు విప్పితే మోటారు ఫ్యానుతో సహా చేతిలోకి వస్తుంది. గ్యాస్ పైపులను ముట్టుకోవలసిన అవసరమే లేదు. ఫ్యాను రెక్క మీద చిన్న ఇనుప క్లిప్పు కనిపిస్తే తీసేయకూడదు, అది బ్యాలెన్సు కోసం కంపెనీ పెట్టినది. కొత్త మోటారు బిగించేటప్పుడు స్క్రూలను బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ గూడు పగిలిపోతుంది. సన్నని రబ్బరు గొట్టం ఉన్న మోడళ్లలో దాన్ని మళ్లీ తగిలించాలి, అది మోటారును చల్లబరిచేది. అన్నీ మూసేముందు బ్యాటరీ కలిపి అన్ని స్పీడులలో తిప్పి చూడాలి.

కళింగపట్నం వైపు నుంచి వచ్చిన ఒక ట్యాక్సీ ఆ రోజు అందరికీ పాఠమైంది. దాని మోటారు బయటికి తీస్తే, ఫ్యాను గూట్లో ఎలుక పేర్చుకున్న కాగితం ముక్కలు, ఊక, ఎండిన వేపాకులు కుప్పగా ఉన్నాయి. కనెక్టరులో ఒక పిన్ను ఉప్పుగాలికి పచ్చబడి, పక్క పిన్ను ప్లాస్టిక్‌తో సహా నల్లగా కరిగిపోయి ఉంది. ఆ సోదరుడు రెసిస్టరును అప్పటికే ఒకసారి మార్పించుకున్నా అది మళ్లీ కాలిపోయింది. బరువుగా తిరిగే మోటారు ఎక్కువ కరెంటు లాగుతున్నంతకాలం ఎన్ని రెసిస్టర్లు వేసినా అంతేనని మాస్టారు అక్కడే చూపించారు. ఫ్యూజు పోతోందని దానికన్నా పెద్ద ఫ్యూజు వేస్తే వైర్లే కాలతాయని కూడా గట్టిగా హెచ్చరించారు. మన సభ్యురాలైన ఒక ఉపాధ్యాయిని తన కారు మోటారును ఎవరి చేయీ పడనివ్వకుండా తానే మార్చుకున్నారు. గాలి రాగానే షెడ్డంతా చప్పట్లు కొట్టింది. సంఘానికి ఇంతకన్నా సంతోషం ఏముంటుంది!

బాధ కలిగించిన విషయాలు కూడా చెప్పక తప్పదు. ముఖ్య అతిథిగా వస్తామని మాట ఇచ్చిన అధికారి రాలేదు, రాలేకపోతున్నామన్న కబురు కూడా పంపలేదు. వారి కోసం వేసిన కుర్చీ సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది. పెద్ద స్థలం ఇప్పించమని పెట్టిన దరఖాస్తుకు ఈనాటికీ జవాబు లేదు. అంతకన్నా మనసుకు కష్టమనిపించింది మనవారి తీరు. షెడ్డు ఊడ్చి కుర్చీలు వేయడానికి, పనిముట్లు అందించడానికి పేర్లు ఇచ్చినవారిలో అధికశాతం ఆ రోజు కనిపించలేదు. భోజనాల వేళకు వచ్చినవారు మాత్రం ఉన్నారు. వచ్చిన కొద్దిమందే ఉదయం నుంచి నిలబడి ఆ భారమంతా మోశారు. వారికి సభ ముఖంగా నమస్కరిస్తున్నాను.

జమాఖర్చుల పట్టిక సభ నోటీసుతో పాటు అందరికీ అందింది. ఆడిటరుగారి సంతకం అయింది, సందేహాలుంటే కోశాధికారిగారు సభలో వివరిస్తారు, ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. పాత చందాలు బాకీ ఉన్నవారు ఈ నెలలో చెల్లించాలి.

వచ్చే వేసవికి ముందే ఇలాంటి శిబిరం మరొకటి ఆమదాలవలసలో జరపాలని, అందులో క్యాబిన్ ఫిల్టరు మార్చడం, ఏసీ నీరు పోయే గొట్టం శుభ్రం చేయడం కూడా నేర్పాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. మాస్టారు అంగీకరించారు. స్వచ్ఛందంగా పని చేయదలచినవారు, నిజంగా ఆ రోజుకు వీలుంటేనే పేరు ఇవ్వాలి. శిబిరం తర్వాత ఇళ్లకు తీసుకెళ్లిన సంఘం మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు ఇంకా కార్యాలయానికి చేరలేదు. వాటిని దగ్గర ఉంచుకున్న సభ్యులు సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చి కోశాధికారిగారికి అప్పగించగలరు.

ఇట్లు,
కార్యదర్శి
శ్రీకాకుళం