కొటేషన్ కంటే ముందు గ్రిడ్ చూడు

విశాఖపట్నం

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావ్? ఇక్కడ ఉక్కపోత మొదలైపోయింది, బీచ్ రోడ్డు మీద కూడా చొక్కా ఒంటికి అంటుకుపోతోంది. మీ కాలేజీకి ఎలుకల ట్రెడ్‌మిల్ కొంటున్నారని రాశావు కదా, నువ్వు పంపిన బ్రోషర్లన్నీ చదివాను. అందరూ గరిష్ఠ వేగాన్నే పెద్ద అక్షరాల్లో వేశారు. దానికి పడిపోకు. చిట్టెలుకలకు రోజూ చేయించే వ్యాయామం చాలావరకు నిమిషానికి 10 నుంచి 20 మీటర్ల వేగంలోనే సాగుతుంది.

నువ్వు ముందు చూడాల్సింది బెల్టు వెనక చివర. షాక్ గ్రిడ్, అంటే కరెంటు పారే కమ్మీల వరస, ఉండేది అక్కడే. పరుగు ఆపి వెనక్కి జారిన జంతువుకు చిన్న కరెంటు తగిలి మళ్ళీ ముందుకు పోతుంది. ఒక్కో ఎలుక పరుగెత్తే లేను ఉంటుంది కదా, ఏ లేనుకు ఆ లేను షాక్ ఆపేసే స్విచ్ ఉందా? లేకపోతే ఎంత తక్కువకి ఇచ్చినా ఆ మిషన్ వద్దు. పక్కవి ఇంకా పరుగెడుతున్నాయని, అలసిపోయి గ్రిడ్ మీదే పడి ఉన్నదానికి షాక్ తగులుతూ ఉండటం ఘోరం రా. పైగా ఫలితాలూ పాడవుతాయి. ఒత్తిడికి కార్టికోస్టిరాన్ అనే హార్మోన్ పెరిగిపోతుంది, నువ్వు కొలిచింది వ్యాయామం ప్రభావమో భయం ప్రభావమో తేల్చలేవు. కరెంటును బాగా తగ్గించుకునే వీలుండాలి. కొన్ని మిషన్లలో షాక్ బదులు గాలి ఊదే ఏర్పాటు ఉంటుంది. ముందు ఆగి ఉన్న బెల్టు మీద వదిలి, తర్వాత నెమ్మదిగా తిప్పుతూ అలవాటు చేస్తే చాలావాటిని వెనక నుంచి మెత్తని బ్రష్‌తో తట్టినా సరిపోతుంది. షాక్ ఎంత, ఎన్ని సెకన్లు గ్రిడ్ మీద ఉండిపోతే బయటికి తీస్తారు అన్నది ఐఏఈసీకి, అదే మీ సంస్థ జంతు నైతిక కమిటీకి, ఇచ్చే ప్రోటోకాల్‌లోనే రాసెయ్యండి.

బెల్టుకీ గ్రిడ్‌కీ మధ్య సందు కూడా చూడు, తోకో పాదమో ఇరుక్కోకూడదు. ఉచ్చ, పెంటికలు కమ్మీల మధ్య పడితే కరెంటు సరిగ్గా అందదు, కాబట్టి గ్రిడ్ సులువుగా ఊడివచ్చి కడుక్కునేలా ఉండాలి. మా ఊరి ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. మీ గుంటూరులో అంత బెడద లేకపోయినా స్టెయిన్‌లెస్ స్టీలే అడుగు.

వాలు రెండు వైపులా మారాలి. ఎత్తు పెడితే వేగం పెంచకుండానే శ్రమ పెరుగుతుంది, పల్లానికి పరుగెత్తిస్తే కండరాలు సాగుతూ పనిచేసి దెబ్బతింటాయి, అది వేరే ప్రశ్నకు పనికొస్తుంది. ఎలుక ఎంత ఆక్సిజన్ వాడుతోందో కొలవడానికి బెల్టును మూసిన పెట్టెలో పెట్టే రకం చాలా ఖరీదు, ఆ కొలత మీ పనికి అవసరమైతే తప్ప వద్దు. ఎంత దూరం, ఎంత వేగం అన్నది మీ చేతిలో ఉండనక్కర్లేదనుకుంటే తిరుగుడు చక్రమే నయం, వాటంతటవే పరుగెడతాయి, షాక్ గొడవే ఉండదు. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కోలా పరుగెడుతుంది.

డెమోకి వాళ్ళను మీ ల్యాబ్‌కే రమ్మను. బెల్టు మీద టేపు ముక్క అతికించి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టి, బెల్టు పొడవుతో గుణించు. తెర మీద చూపించే వేగం నిజమో కాదో అక్కడే తేలిపోతుంది. మధ్యలో ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టు, వేగం సున్నా నుంచే మొదలవ్వాలి. ఇవి రాత్రి తిరిగే జీవాలు కాబట్టి చీకటి వేళలో, ఎర్ర దీపం కింద పరుగెత్తించడానికి గదిలో వీలుందో లేదో కూడా చూసుకో. పోలిక కోసం ఉంచే పరుగెత్తని గుంపును కూడా అంతసేపూ ఆపి ఉంచిన బెల్టు మీద పెట్టాలి, మర్చిపోకు.

కొటేషన్లు రాగానే నాకు పంపు. చెల్లెమ్మని అడిగానని చెప్పు, ఎండలు తగ్గాక ఇద్దరూ వైజాగ్ రండి.

నీ
బావ