దవడ సర్జన్‌ను ఎలా ఎంచుకోవాలి?

సంపాదకులకు నమస్కారం.

నోటి జబ్బుల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు 'వెంటనే నిపుణుణ్ణి సంప్రదించండి' అని ముగుస్తాయి. ఆ నిపుణుడు ఎవరో, ఎలా పోల్చుకోవాలో మాత్రం ఉండదు. దవడ వాచి కూర్చున్న మనిషికి కావలసింది ఆ సంగతే కాబట్టి ఈ ఉత్తరం.

మనం దవడ సర్జన్ అనే ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జన్ అంటే పళ్లు తీయడంలో చెయ్యి తిరిగిన డెంటిస్టు అని చాలామంది అనుకుంటారు. నిజానికి భారతదేశంలో దంతవైద్య డిగ్రీ బీడీఎస్ తర్వాత నోరు, దవడ, ముఖ శస్త్రచికిత్స విభాగంలో మూడేళ్ల ఎండీఎస్ (పీజీ) చేసినవారిని ఆ పేరుతో పిలుస్తారు. అమెరికాలో డెంటల్ డిగ్రీ మీద కనీసం నాలుగేళ్ల రెసిడెన్సీ (ఆస్పత్రి శిక్షణ) ఉంటుంది. బ్రిటన్‌లో సాధారణంగా దంతవైద్యం, వైద్యం రెండూ చదివి ఉండాలి. బోర్డు మీద ఎండీఎస్ అని కనిపించగానే తృప్తి పడకూడదు. పళ్లకు క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్టుకూ, చిగుళ్ల నిపుణుడికీ, రూట్ కెనాల్ నిపుణుడికీ ఉండేది ఆ డిగ్రీయే. ఏ విభాగంలో ఎండీఎస్ అని అడగాలి. డెంటల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఆ అర్హత నమోదైందో లేదో చూడాలి. గోడ మీద ఇంప్లాంట్ల (దవడ ఎముకలో బిగించే కృత్రిమ దంతాల) కోర్సు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సర్జన్ అయిపోరు.

అర్హత తేలాక అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఈ విభాగం చాలా పెద్దది. ఒకరు రోజూ జ్ఞానదంతాలు తీస్తారు, ఇంకొకరు ప్రమాదాల్లో విరిగిన ముఖపు ఎముకలకు ప్లేట్లు వేస్తారు, మరొకరు గ్రహణం మొర్రి పిల్లలకో నోటి క్యాన్సర్ రోగులకో ఆపరేషన్లు చేస్తారు. డిగ్రీ ఒకటే, చేతి అలవాటు వేరు. 'నాకు చేయబోయే ఆపరేషన్ మీరు తరచుగా చేస్తుంటారా, ఎక్కడ చేస్తారు, మత్తు ఎవరు ఇస్తారు?' అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఈ ప్రశ్నకు విసుక్కునే డాక్టరును వదిలేసినా నష్టం లేదు.

ఎక్కువమంది సర్జన్ దగ్గరికి వెళ్లేది కింది జ్ఞానదంతం కోసం. దాని వేళ్ల పక్కగానో కిందుగానో దవడ ఎముకలో ఒక కాలువ ఉంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం అందులోంచే పోతుంది. అందుకే ముందుగా రెండు దవడలూ ఒకే ఫిలింలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీస్తారు. కాలువ పంటి వేరును దాటే చోట వేరు నల్లగా కనిపించినా, కాలువ అంచు తెల్లగీత తెగినట్టున్నా, కాలువే పక్కకు వంగినా, నరం వేరుకు ఆనుకుని ఉండొచ్చు. అలాంటప్పుడు మూడు కోణాల్లో చూపే సీబీసీటీ స్కాన్ అడుగుతారు. స్కాన్‌లో కూడా దగ్గరగానే ఉందని తేలితే, పన్ను ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు తల భాగం మాత్రం కోసి వేళ్లను ఎముకలోనే వదిలే పద్ధతి ఉంది. దాన్ని కరోనెక్టమీ అంటారు. వేళ్లు కదులుతున్నా, వాటికి చీము పట్టినా అది పనికిరాదు. మంచి సర్జన్ పెదవి తిమ్మిరి సంగతే కాక, నాలుక నరం దెబ్బతింటే అటువైపు రుచి తగ్గే అవకాశం ఉందనీ ముందే చెబుతారు. ఎక్స్‌రే చూడకుండా 'పది నిమిషాల పని' అన్నవారి కుర్చీలోంచి లేచి రావడమే మంచిది. ఏ బాధా పెట్టని జ్ఞానదంతాన్ని వంకరగా ఉందనే ఒక్క కారణంతో తీయించుకోవలసిన అవసరం కూడా అన్నిసార్లూ ఉండదు.

సర్జన్ కోసం వెతుకుతూ కూర్చోకూడని సందర్భాలున్నాయి. గడ్డం కింద రెండువైపులా గట్టిగా వాచి, నాలుక పైకి లేచి, ఉమ్మి మింగలేక కారిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, వెల్లకిలా పడుకోలేకపోతుంటే ఊపిరి దారి మూసుకుపోతోందని అర్థం. కింది రెండో, మూడో దవడపళ్ల వేళ్ల కొసలు నోటి అడుగునుండే కండరానికి ఇంకా కిందికి దిగి ఉంటాయి. అందుకే ఆ పళ్ల చీము నేరుగా మెడ వైపు పాకుతుంది. ఇలాంటివారు క్లినిక్‌కు కాదు, మత్తు డాక్టరూ ఐసీయూ ఉన్న ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదు. చీము బయటికి తీయాలి, కారణమైన పంటి సంగతి కూడా తేల్చాలి.

గడ్డం మీద దెబ్బ తగిలినప్పుడు జరిగే పొరపాటు వేరు. పైగాయానికి కుట్లు వేసి ఇంటికి పంపేస్తారు. చెవి ముందున్న కీలు దగ్గర విరిగిన ఎముక ఎవరి కంటా పడదు. పళ్లు మునుపటిలా కలవకపోయినా, నోరు తెరిస్తే గడ్డం ఒక పక్కకు లాగేస్తున్నా, చెవి ముందు నొక్కితే నొప్పున్నా దవడ సర్జన్‌కు చూపించాలి. ఓపీజీలో తేలకపోతే సీటీ తీయించాలి. పిల్లల్లో ఇది మరీ ముఖ్యం. పట్టించుకోకపోతే కీలు బిగుసుకుని నోరు తెరుచుకోదు, దవడ ఎదుగుదల కూడా కుంటుపడొచ్చు. శాశ్వత దంతం ఊడి పడిపోతే మాత్రం సర్జనే కావాలని తిరగొద్దు. వేరును ముట్టుకోకుండా, రుద్దకుండా, తల భాగం పట్టుకుని, మట్టి ఉంటే కాస్త కడిగి గుంటలో పెట్టాలి. కుదరకపోతే పాలలో వేసి ఏ డెంటిస్టు దగ్గరికైనా గంటలోపే చేరాలి. పాలపళ్లను మాత్రం తిరిగి పెట్టరు.

నోటిలో పుండు మూడు వారాలు దాటినా మానకపోతే, నొప్పి లేకపోయినా బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించాలి. దవడ కీలు నొప్పి లేకుండా టక్కుమంటే ఆపరేషన్ అక్కర్లేదు. మొదటి రోజే కీలుకు కోత పెడదామంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీ తప్పనిసరి. బీపీ, షుగర్ మాత్రల గురించి చెబుతారు కానీ, ఎముకల బలానికి ఏడాదికోసారి వేయించుకున్న ఇంజెక్షన్ ఎవరికీ గుర్తుండదు. ఆ రకం మందుల తర్వాత పన్ను తీస్తే కొందరిలో దవడ ఎముక మానకుండా చచ్చుబడుతుంది. మెడకూ ముఖానికీ రేడియేషన్ తీసుకున్నవారిదీ అదే సమస్య. రక్తం పలచబరిచే మాత్రలను సొంతంగా ఆపేసి రావడం మరో ప్రమాదం. వాటిని రాసిన డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని నిర్ణయించాలి.

స్కాన్ తీయించినచోట ప్రింటు షీట్లతో సరిపెట్టుకోకుండా పూర్తి డేటాను సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోండి. ఫోన్‌లో తీసిన ఫిలిం ఫొటో చూసి నరం ఎంత దూరంలో ఉందో ఏ సర్జనూ చెప్పలేరు. పన్ను తీసిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య నొప్పి తగ్గాల్సింది పోయి చెవి దాకా లాగితే గుంటలో రక్తం గడ్డ నిలవలేదన్నమాట. పొగ తాగేవారిలో ఇది ఎక్కువ. దానికి గుంటను కడిగి మందు పెట్టాలి, మళ్లీ యాంటీబయాటిక్ కోర్సు కాదు. అర్ధరాత్రి రక్తం ఆగకపోతే ఎవరికి ఫోన్ చేయాలో, ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారో ఆపరేషన్‌కు ముందే కనుక్కోండి.

ఇట్లు,
ఒక దంతవైద్య అధ్యాపకుడు