చీటీ వెనక్కి ఇచ్చిన వారికి కృతజ్ఞతలు

గుంటూరు కొత్తపేటలోని ఒక మందుల షాపులో, మా నాన్నగారి పాత చీటీ మీద తేదీ దిద్ది ఉండటం గమనించి, ట్రమడాల్ అనే నొప్పి మందు ఇవ్వకుండా నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టిన మీకు, పేరు తెలియకపోయినా, మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. నడుము ఆపరేషన్ అయి ఏడు నెలలైనా మాత్రలు వారం ముందే అయిపోతుంటే, వేళ తప్పితే చెమటలు, ఆవలింతలు, చిరాకు వస్తుంటే నొప్పి వల్లనే అనుకున్నాను. దిండు గలేబులో ఖాళీ స్ట్రిప్పులు దొరికినా, ఆయన ఆ మందుకు బానిసయ్యారని నమ్మలేదు. 2018లోనే ఈ మందును మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చారని, హఠాత్తుగా మాన్పించడం ప్రమాదమని, డాక్టరు పర్యవేక్షణలో మోతాదు క్రమంగా తగ్గించాలని, నాన్నగారిని దొంగను చూసినట్లు చూడవద్దని చెప్పి, చీటీ వెనుక మత్తు అలవాటు మాన్పించేందుకు సాయపడే హెల్ప్‌లైన్ 14446 నంబరు రాసిచ్చారు. ఆ చివరి మాట చెప్పకపోయి ఉంటే ఆ రాత్రే నాన్నగారిని నిలదీసేవాడిని. ఇప్పుడు మోతాదు సగానికి తగ్గింది.