‘మెజర్ ఏ’ పన్ను డబ్బు ఆసుపత్రులకేనా? రాసివ్వండి (2025 నవంబర్ ఓటింగ్‌కు ముందు రాసిన లేఖ)

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీని నడిపే సూపర్‌వైజర్లకు నమస్కారం.

2025 నవంబర్ 4న మేం ఓటేయబోయే ‘మెజర్ ఏ’ అనే ప్రతిపాదన, అమ్మకం పన్నును అయిదేళ్లపాటు 0.625 శాతం పెంచుతుంది. ఫెడరల్ ప్రభుత్వం నిధులు కోసేయడంతో కౌంటీ ఆసుపత్రులకు కష్టకాలం వచ్చిందన్నది నిజమే, కాదనను. బియ్యం, పప్పుల మీద ఎలాగూ పన్ను లేదు. కానీ పాత కారుకు టైర్లు, పిల్లలకు బూట్లు కొనక తప్పదు కదా! వెయ్యి డాలర్లకు అదనంగా పడే 6.25 డాలర్లను ఇంజినీరు పట్టించుకోడు, హోటల్లో గిన్నెలు కడిగే మనిషి పట్టించుకుంటాడు.

నా అసలు టెన్షన్ వేరు. దీన్ని ఫలానా పనికేనని కాకుండా సాధారణ పన్నుగా పెట్టారు కాబట్టి సగానికి మించి ఓట్లు వస్తే చాలు, మూడింట రెండొంతులు అక్కర్లేదు. ఆసుపత్రులకే ఖర్చు పెట్టాలన్న చట్టపరమైన కట్టుబాటూ లేదు. ప్రచారంలో మాత్రం అన్నీ ఆసుపత్రుల కబుర్లే. ఏటా ఎంత వసూలైందో, ఏ ఆసుపత్రికి ఎంత ఇచ్చారో బయటపెడతామని ఓటింగ్‌కు ముందే తీర్మానం చేయండి. అప్పుడు నేను ‘యెస్’ అనే ఓటేస్తాను.

— ఒక తెలుగు ఓటరు, సన్నీవేల్