లెక్కకు అందిన గర్భిణికి మందు కూడా అందనివ్వండి: కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

నేను రాయలసీమలోని ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబులో ఒప్పంద పద్ధతిపై పనిచేస్తున్న టెక్నీషియన్‌ను. లైంగికంగా సోకి, తల్లి నుంచి కడుపులోని బిడ్డకూ పాకే సిఫిలిస్ జబ్బుకు గర్భిణులకు చేసే పరీక్షల విషయమై పై అధికారులకు అర్జీలు పెట్టుకున్నాం, సమీక్షల్లో లేచి నిలబడి మొరపెట్టుకున్నాం. "నోట్ చేసుకున్నాం" అన్న మాట తప్ప ఫలితం కనబడనందున ఈ లేఖను నలుగురూ చదివేలా మీకే రాస్తున్నాను. మా జీతాల సంగతి ఇందులో ఎత్తడం లేదు. అది వేరే అర్జీ.

1998లో దేశమంతటా ఏటా జరిగే కార్యక్రమంగా మొదలై, తర్వాత రెండేళ్లకోసారిగా మారిన సెంటినల్ నిఘా, అంటే ఎంపిక చేసిన ఆసుపత్రుల నమూనాలతో జబ్బు వ్యాప్తిని లెక్కగట్టే పద్ధతి, గురించి మీకు నేను వివరించనక్కర్లేదు. ఎంపికైన ఆసుపత్రిలో మూడు నెలల్లో 400 మంది గర్భిణుల నమూనాలు తీయాలి, హెచ్ఐవీతో పాటు సిఫిలిస్ కూడా చూడాలి. ఆ మూడు నెలలూ మా ల్యాబుకు పెళ్లివారింటి కళ వస్తుంది. కిట్లు వస్తాయి, ఫారాలు వస్తాయి, పర్యవేక్షకులు వస్తారు, ఇవాళ ఎన్ని అయ్యాయంటూ సాయంత్రానికి ఫోన్ వస్తుంది. నాలుగో నెలలో ఫోన్లు ఆగిపోతాయి, వాటి వెనకే కిట్లూ ఆగిపోతాయి. నిఘా ఆగింది కదా అని గర్భిణులు రావడం మానరు. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ రోజున వరండా నిండిపోతుంది. కిట్లు లేని నెలలో వారి మాతా శిశు సంరక్షణ కార్డు చూసి "ఈ పరీక్ష బయట చేయించుకోమ్మా" అని చెప్పాల్సింది మేమే.

ఆ నెలలో పరీక్షలు తగ్గుతాయి, పరీక్షలు తగ్గితే బయటపడే కేసులూ తగ్గుతాయి. ఎందరిని పరీక్షించామన్న గడి నివేదికలో ఉంటుంది గానీ, సమీక్షలో చదివేది దాని పక్కనున్న కేసుల గడినే. కిట్లు లేక తగ్గిన అంకెకు అభినందనలు అందుకున్న ఘనత బహుశా మాకే దక్కుతుంది.

ఒక్కోసారి కిట్లు వచ్చినా వేలి రక్తంతో చేసే రాపిడ్ కిట్లే వస్తాయి. అవి దండగని నేననను. పల్లెలో ఏఎన్‌ఎంకు అంతకన్నా ఆసరా లేదు. అయితే ఎప్పుడో సిఫిలిస్ సోకి, మందు వాడి పూర్తిగా నయమైన స్త్రీకి కూడా ఆ కిట్టు మీద పాజిటివ్ గీత చాలావరకు జీవితాంతం పడుతూనే ఉంటుంది. జబ్బు ఇప్పుడు ఉందో లేదో తేల్చాలంటే ఆర్‌పీఆర్ అనే మరో రక్త పరీక్ష చేయాలి. తెల్లటి కార్డు మీద సీరంలో (రక్తం నుంచి వేరుచేసిన పలుచని ద్రవంలో) బొగ్గు రేణువులున్న యాంటిజెన్ అనే పరీక్ష ద్రావణం చుక్క కలిపి, రొటేటర్ అనే తిప్పే యంత్రం మీద 8 నిమిషాలు తిప్పి, ఆ నల్లటి రేణువులు గుంపు కట్టాయేమో వెలుతురులో చూడాలి. కడితే, సీరంను రెట్టింపు చొప్పున పలుచన చేస్తూ ఎంతవరకు కడుతున్నాయో రాయాలి. మా రొటేటర్ పాడై చాలాకాలమైంది. కార్డును చేత్తో తిప్పి చూసిన ఫలితాన్ని దేశం లెక్కలో కలపడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇక పాజిటివ్ వచ్చినామె గతి చూడండి. సెంటినల్ నమూనాకు పేరు ఉండదు, ఆ మనిషిని వెతికి పట్టుకోలేం. అది నిఘా పద్ధతి, దానికి అభ్యంతరం లేదు. కానీ మామూలు రోజుల్లో పేరు, ఊరు, నెలలు అన్నీ తెలిసి మా ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా మందు ఇవ్వలేకపోవడం ఏ పద్ధతి? కడుపులోని బిడ్డను కాపాడగలిగేది బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒక్కటే. అదీ కాన్పుకు కనీసం 30 రోజుల ముందే పడాలి. సుఖవ్యాధులకు ప్రభుత్వం పంపే మందుల కిట్లలో మూడో నంబరు తెల్ల కిట్టులో ఉండాల్సిన ఆ ఇంజెక్షన్ మా దగ్గర తరచూ ఉండదు. బదులుగా వాడే నీలం కిట్టులోని డాక్సీసైక్లిన్ గర్భిణికి ఇవ్వకూడదు. ఇంజెక్షన్ ఉన్ననాడు, అది పడక రియాక్షన్ వస్తే ఎవరు పూచీ అంటూ డ్యూటీ డాక్టరు పెద్దాసుపత్రికి రాసేస్తారు. ఏడో నెల కడుపుతో, పక్కన అత్తగారితో వచ్చిన కోడలికి, జబ్బు పేరు అత్త చెవిన పడకుండా, రెండు బస్సులు మారి ఎందుకు వెళ్లాలో మా కౌన్సెలర్ నచ్చజెప్పాలి. భర్త బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. అతనికీ వైద్యం జరగకపోతే జబ్బు మళ్లీ ఆమెకే వస్తుంది. ఆమె పెద్దాసుపత్రికి వెళ్లిందో లేదో మాకు తెలిసే దారి లేదు. రిజిస్టరులో "రిఫర్ చేయడమైనది" అని రాస్తాం, లెక్క సరిపోతుంది.

2025-26 నాటికి తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ, సిఫిలిస్ సోకకుండా నిర్మూలిస్తామని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఐదో దశలో రాసుకున్నది మీ శాఖే. అందుకు నూటికి 95 మంది గర్భిణులకు పరీక్ష, పాజిటివ్ వచ్చినవారిలో నూటికి 95 మందికి చికిత్స అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ షరతు. పక్కనున్న శ్రీలంక 2019లోనే ఆ గుర్తింపు తెచ్చుకుంది. హెచ్ఐవీ విషయంలో కిట్టు, మందు, ఫాలోఅప్ అన్నీ ఒక దారిలో నడుస్తున్నాయి, ఆ మెచ్చుకోలు మీ శాఖకు దక్కాల్సిందే. అదే తల్లికి, అదే సూదితో తీసిన అదే రక్తంలోని సిఫిలిస్ మీద ఈ చిన్నచూపు ఎందుకు?

మంత్రి గారూ, ఏడాది పొడవునా కిట్లు ఇప్పించండి. రొటేటర్ బాగు చేయించండి. పెన్సిలిన్ ఇప్పించండి, దాన్ని మా ఆసుపత్రిలోనే వేసేలా డాక్టర్లకు ధైర్యమూ రియాక్షన్‌కు కావలసిన మందులూ ఇప్పించండి. వచ్చే సెంటినల్ విడతలోనూ 400 నమూనాలు ఒక్కటి తగ్గకుండా తీసి పంపుతాం. ఆ ఫారాలు తెచ్చే బండిలోనే పెన్సిలిన్ వయల్స్ కూడా పెట్టించమని మరోసారి వేడుకుంటున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ఒప్పంద ల్యాబ్ టెక్నీషియన్