మూలమంచం పెద్దమ్మ

ప్రియమైన సుజాతా,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం చేశానని కోపంగా ఉండి ఉంటావు. తర్వాత తీరిగ్గా తిట్టు, ముందు ఇది చదువు. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, తమ్ముడికి గాజువాకలో ఉద్యోగం దొరికింది, విశాఖలో ఉక్క నీకు తెలిసిందే. ఇంటి కబుర్లు ఇంతే. వార్డులో జరిగింది నీకు చెప్పేదాకా నాకు మనసు నిలవదు.

మొన్న రాత్రి డ్యూటీ. మంచాలు చాలక మెడికల్, సర్జికల్ పేషెంట్లను ఒకే వార్డులో ఉంచారు. నేనూ, కొత్తగా చేరిన ఒక అమ్మాయీ. హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) ముగిసీ ముగియగానే హెర్నియా ఆపరేషన్ అయిన కుర్రాడు వార్డు దద్దరిల్లేలా అరవడం మొదలుపెట్టాడు. అతని చుట్టాలంతా వచ్చి నా టేబుల్ చుట్టూ మూగారు. అటుపక్క ఆయాసం తాత. ఏళ్ల తరబడి చుట్టలు కాల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. తాతకు గాలి చాలడం లేదని మనవడు ఆక్సిజన్ మీటరు పైదాకా తిప్పేశాడు. మూలమంచం మీద భీమిలి పెద్దమ్మ. ఆ సాయంత్రమే ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల ఆపరేషన్‌లో, పిత్తాశయం తీశారు. ఆమె ఎవరినీ పిలవలేదు.

నువ్వైతే ముందు ఎవరి దగ్గరకు వెళ్తావు? కింద చదవకుండా చెప్పు.

నేను తాత దగ్గరకు వెళ్లాను. ఆక్సిజన్ శాతం 98 చూపిస్తోందని మనవడికి సంతోషం, తాతేమో మత్తుగా తూగుతున్నాడు. ఇలాంటివారికి 88 నుంచి 92 చాలు, ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుందని మనకు ఎన్నిసార్లు చెప్పారో! మీటరు కేస్ షీట్‌లో రాసినంతకు తగ్గించి, ఆయన్ను లేపి కూర్చోబెట్టి, ఇక దాని మీద చెయ్యి వెయ్యొద్దని మనవడికి గట్టిగా చెప్పాను.

అక్కడి నుంచి కుర్రాడి వైపు వెళ్తుంటే పెద్దమ్మ కనిపించింది. దుప్పటి కప్పుకుంటోంది, తీసేస్తోంది, మళ్లీ కప్పుకుంటోంది. ‘ఏమమ్మా?’ అంటే ‘ఏం లేదు తల్లీ, కాస్త దాహం’ అంది. నాకెందుకో కాళ్లు ముందుకు పడలేదు. గడియారం చూస్తూ నిండా నిమిషం పాటు శ్వాస లెక్కపెట్టాను. 28! సాయంత్రం చార్టులో ఎంత రాసి ఉందో ఊహించు. 18. పక్క మంచానికీ 18, ఆ పక్కదానికీ 18. లెక్కపెట్టకుండానే అందరికీ 18 రాసే మన హాస్టల్ పద్దెనిమిది రాణి మారువేషంలో ఇక్కడ చేరిందేమో అనుకున్నాను.

పల్స్ 122, సన్నగా ఉంది. బీపీ 112/90. ‘నార్మలే కదా అక్కా’ అంది కొత్తమ్మాయి. ఆపరేషన్‌కు ముందు ఆవిడ బీపీ 150/90, సుజాతా! పై అంకెకూ కింది అంకెకూ తేడా 60 నుంచి 22కు పడిపోయింది. రక్తం తగ్గుతుంటే శరీరం రక్తనాళాలను బిగించి ఆ పై అంకెను చాలాసేపు కాపాడుకొస్తుంది. అది పడిపోయేసరికి మూడో వంతు రక్తం పోయి ఉండవచ్చు. వేళ్లు చల్లగా ఉన్నాయి, గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి ఆలస్యమవుతోంది. మూత్రం రెండు గంటలకు కలిపి 35 మిల్లీలీటర్లు. అరవై కిలోల మనిషికి గంటకే 30 రావాలి కదా. కడుపులో చేరే రక్తం బయటకు రావడానికి పెట్టిన డ్రెయిన్ సంచి ఖాళీ. గొట్టానికి రక్తపు గడ్డ అడ్డుపడినా అది ఖాళీగానే ఉంటుంది. భుజం నొప్పి అని సాయంత్రం చెప్పిందట, కడుపులోకి ఎక్కించిన గ్యాస్ వల్లనే అని వదిలేశారు.

డ్యూటీ డాక్టరు గారికి ఫోన్ చేస్తే ‘సెలైన్ వేగం పెంచండి, పొద్దున చూద్దాం’ అన్నారు. మన మేడం కంఠస్థం చేయించిన నాలుగు ముక్కలు అప్పుడు నోటికొచ్చాయి. ఇప్పుడెలా ఉంది, ముందెలా ఉండేది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. ‘సార్, లోపల రక్తం పోతోందని నా అనుమానం. మీరిప్పుడే రావాలి, లేకపోతే సర్జన్ గారికి నేనే ఫోన్ చేస్తాను’ అన్నాను. వచ్చారు. ఆలోగా ఆక్సిజన్ పెట్టి, రెండో చేతికి పెద్ద క్యానులా వేసి, రక్తం సరిపోల్చడానికి శాంపిల్ తీసి ఉంచాను. నీళ్లు మాత్రం ఇవ్వలేను కదా, మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లాల్సిన మనిషి. తడి దూదితో పెదవులు తుడుస్తుంటే ‘నువ్వు కూడా ఇవ్వవా?’ అంది. ఆ మాటకు...

అన్నట్టు, కుర్రాడి సంగతి. కొత్తమ్మాయిని అతని పొత్తికడుపు తడిమి చూడమన్నాను. వెన్నులో మత్తు ఇచ్చిన తర్వాత చుక్క మూత్రం పోయలేదు, మూత్రాశయం రాయిలా బొడ్డుదాకా ఉబ్బి ఉంది. ఇచ్చిన నొప్పి మందు పనిచేయకపోవడానికి కారణం అదే. క్యాథెటర్ వేస్తే 800 మిల్లీలీటర్లు వచ్చింది, వెంటనే నిద్రపోయాడు పాపం.

పెద్దమ్మకు పిత్తాశయానికి రక్తం తెచ్చే సిస్టిక్ ధమని మీద వేసిన క్లిప్పు జారిపోయిందట. రెండు యూనిట్ల రక్తం ఎక్కింది. ఇవాళ ఇడ్లీ తిని, చట్నీ బాగాలేదని నాతో పోట్లాడింది!

కానీ కుర్రాడి చుట్టాలు నా మీద ఫిర్యాదు రాసిచ్చారు, సిస్టర్ ఆలస్యంగా వచ్చిందని. అతని బాధ నిజమే, నేను కాదనను. అయినా ఆ వరుసే సరైనదని ప్రతిదానికీ సమయం వేసి జవాబు రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది. ఇంతమంది రోగులకు ఇద్దరే నర్సులని ఎవరూ... వద్దులే, అది మొదలుపెడితే కాగితం చాలదు.

ఇంకొకటి అడగాలి. 2017లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సవరించిన ముందస్తు హెచ్చరిక స్కోరు (శ్వాస, పల్స్, బీపీ లాంటి వాటికి మార్కులు వేసి పేషెంట్ దిగజారడాన్ని ముందే పట్టేది) మీ ఐసీయూలో వాడుతున్నారా? పెద్దమ్మ అంకెలు అందులో వేసి చూశాను. శ్వాస 25 దాటినందుకు 3, పల్స్‌కు 2, బీపీ 112కు సున్నా! మా వార్డులో పెట్టమని ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అడిగాను, ఆలోచిస్తానన్నారు. మీ దగ్గర చార్టు ఉంటే ఫొటో తీసి వెంటనే పంపు. మద్దిలపాలెం బస్సు వచ్చే వేళైంది, తల కూడా దువ్వుకోలేదు. మిగతాది మళ్లీ

నీ
పద్మ